సైనికుల జట్టు, పోలీసుల జట్టు

పిల్లలూ!

సైన్యం చేసే పని ఏమిటని అడిగితే, “సరిహద్దు కాయటం” అని మీరు తడుముకోకుండా చెబుతారు. పోలీసుల పని ఏమిటంటే, “దొంగలను పట్టటం” అంటారు. రెండు జవాబులూ సరైనవే. మరి సైన్యానికి ఫుట్‌బాల్ జట్టు ఎందుకు? పోలీసులకు ఫుట్‌బాల్ జట్టు ఎందుకు? ఏదో కాలక్షేపానికి పెట్టుకొన్న జట్లు కావవి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా మేటి అనిపించుకొన్న ఆటగాళ్ళలో చాలామంది ఒక సైన్యపు జట్టులో ఉండేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలోని మేటి జట్లలో ఒకటి హైదరాబాదు పోలీసులది. ఈ రెండు జట్ల కథా తెలుసుకొంటే పై ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ముందు దూరపు కథ చెప్పుకుందాం.

దేశాన్ని కాచేవాడు

యూరపు ఖండం నడిమధ్యన హంగరీ అనే దేశం ఉన్నది. దాని రాజధాని బుడాపెస్టు. డాన్యూబ్ నది ఆ నగరాన్ని రెండుగా చీల్చుకొంటూ పారుతుంది. హంగరీ భాషలో “హొన్” అంటే స్వదేశం, “వేద్” అంటే కాపాడటం. రెండూ కలిస్తే “హొన్వేద్” – దేశాన్ని కాచేవాడు, అంటే సైనికుడు. 1848లో ఆస్ట్రియా చక్రవర్తి మీద తిరగబడినప్పుడు హంగరీవాళ్ళు తమ సైనికులను ఈ పేరుతో పిలుచుకొన్నారు. నేటికీ వారి సైన్యం పేరులో ఈ మాట ఉన్నది.

బుడాపెస్టు అంచున కిష్‌పెష్ట్ అనే పేట ఉన్నది. అక్కడ ఇరుగు పొరుగు ఇళ్ళలో పుష్కాష్, బోజిక్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు కలిసి పెరిగారు. ఇద్దరికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఇద్దరూ ఆ పేట జట్టులోనే చేరి పేరు తెచ్చుకొన్నారు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకు హంగరీలో కమ్యూనిస్టు పార్టీ అధికారం చేజిక్కించుకొన్నది. కొత్త ప్రభుత్వం ఆటల సంఘాలను కూడా తన చేతిలోకి తీసుకొన్నది. 1949 చివరలో కిష్‌పెష్ట్ జట్టు రక్షణ శాఖ కిందికి వెళ్ళింది. దాని పేరు “బుడాపెస్ట్ హొన్వేద్” అయింది. ఉయ్‌పెష్ట్ అనే మరొక పేట జట్టు ఇదే తీరున పోలీసు శాఖ కిందికి పోయి “దోజా” అనే పేరు తగిలించుకొన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ దేశంలో యువకులు కొంతకాలం సైన్యంలో పని చేసి తీరాలి. కాబట్టి వేరే జట్టులో మంచి ఆటగాడు కనిపిస్తే, అతనికి సైన్యం నుంచి పిలుపు వచ్చేది. పిలుపు వస్తే కాదనటానికి వీలు లేదు. తలతో బంతిని కొట్టటంలో సాటిలేని కోచిష్ అట్లాగే హొన్వేద్‌కు వచ్చాడు. మెరుపులాగా పరుగెత్తే త్సిబోర్ వచ్చాడు. గోల్‌కీపరు గ్రోషిచ్ వచ్చాడు. దేశపు జట్టుకు శిక్షకుడు షెబెష్. మేటి ఆటగాళ్ళు ఏడాది పొడుగునా ఒక్కచోట ఆడితే, ఒకరి మనసు ఒకరికి తెలుస్తుందని ఆయన ఆలోచన.

ఆ ఆలోచన ఫలించింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో హంగరీ బంగారు పతకం గెలిచింది. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3 గోళ్ళతో ఓడించింది. ఇంగ్లండుకు సొంతగడ్డ మీద యూరపు ఖండపు జట్టు చేతిలో అదే మొదటి ఓటమి. పుష్కాష్ ఏ యుద్ధంలోనూ తుపాకి పట్టకపోయినా సైన్యంలో మేజరు హోదా పొందాడు. ఇంగ్లండువాళ్ళు అతనికి “దౌడు తీసే మేజరు” అని పేరు పెట్టారు. 1954 జూలై 4న ప్రపంచ కప్ చివరి ఆటలో పశ్చిమ జర్మనీ చేతిలో 3–2తో ఓడిపోయేదాకా, నాలుగేళ్ళపాటు హంగరీకి ఓటమి అన్నదే లేదు.

బడిపంతులు తీర్చిన జట్టు

ఇక మన కథ. హెల్సింకీలో హంగరీ చివరి ఆటలో 2–0తో ఓడించింది యుగోస్లావియాను. అదే యుగోస్లావియా అంతకు ముందు మన భారత జట్టును 10–1తో చిత్తు చేసింది. చలిదేశంలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమిని కళ్ళారా చూచిన మన శిక్షకుడు హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరూ ఆయనను రహీమ్ సాహెబ్ అనేవారు.

రహీమ్ గారు 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తికి బడిపంతులు. వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడితే కూడు దొరికేది కాదు. ఆటగాడికి పెండ్లాం పిల్లలు ఉంటారు. ఇంటి కిరాయి కట్టాలి. పోలీసు శాఖ ఆటగాళ్ళకు ఉద్యోగం ఇచ్చింది. నెలకు జీతం ముట్టేది, సాధనకు తీరిక దొరికేది. హంగరీలో సైన్యం చేసింది ఇదే. అయితే అక్కడ చేరటం ఆజ్ఞ, ఇక్కడ చేరటం ఉద్యోగం. ఈ తేడా మరచిపోకండి.

రహీమ్ గారి పాఠాలు చిత్రంగా ఉండేవి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతి తన్నాలని ఒక పోటీ పెట్టేవారు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకొని పరుగెత్తకూడదు, వెంటనే తోటివానికి అందించాలని ఇంకొక పోటీ పెట్టేవారు. దీనివల్ల పొగరు తగ్గేది, పొత్తు పెరిగేది.

ఫలితం చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును సిటీ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచారు. డ్యూరాండ్ కప్పు 1888లో బ్రిటిష్ సైనికుల కోసం సిమ్లాలో మొదలైన పోటీ. దానిని కూడా 1950లో మనవాళ్ళు గెలుచుకొన్నారు. సైనికుల కోసం పుట్టిన కప్పు హైదరాబాదు పోలీసుల చేతికి వచ్చిందన్నమాట!

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు తొడిగి వదిలేసిన పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాని చేత ఆట బూట్లుగా మార్పించుకొన్నాడు. సాధనకు రావటానికి బస్సు ఛార్జీకి కూడా డబ్బు లేదని తెలిసి, రహీమ్ గారు సైకిలు ఏర్పాటు చేశారు. ఈ బలరాం పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1956వ సంవత్సరం

ఆ ఏడు నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలు ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తరువాత సిటీ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అయింది. పేరు మారింది, జట్టు నిలిచింది. 1961లో కొత్త పేరుతోనే మళ్ళీ డ్యూరాండ్ కప్పు గెలిచింది.

హంగరీలో అట్లా జరగలేదు. అక్టోబరు 23న ప్రజలు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. నవంబరు 4న సోవియట్ టాంకులు బుడాపెస్టు వీథుల్లోకి వచ్చాయి. వేలమంది చనిపోయారు. ఆ నెలలో హొన్వేద్ జట్టు పోటీల కోసం విదేశాలకు వెళ్ళింది. ఇంటికి పోవాలా, వద్దా? ఆటగాళ్ళు నెలల తరబడి ఊరూరా ఆడుతూ మథనపడ్డారు. పుష్కాష్, కోచిష్, త్సిబోర్ తిరిగి వెళ్ళలేదు. బోజిక్, గ్రోషిచ్ వెళ్ళారు. చిన్ననాటి నుంచి ఒకే వీథిలో ఆడిన పుష్కాష్, బోజిక్ అట్లా విడిపోయారు. ఆజ్ఞతో కూడిన జట్టు కొన్ని నెలల్లో చెదిరిపోయింది.

ఆ ఏడు చివర మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు మొదటి ఆట ఎవరితోనో తెలుసా? హంగరీతోనే! హంగరీ ఫుట్‌బాల్ పోటీ నుంచి తప్పుకొన్నది. మనవాళ్ళు ఆడకుండానే ముందుకు పోయారు. ఆ పైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అందుకొన్న అత్యున్నత స్థానం నేటికీ అదే.

నేను ఈ ముక్కలు వ్రాస్తున్న బెల్లంపల్లి బొగ్గు వల్ల పెరిగిన ఊరు. అందుచేత గ్రోషిచ్ సంగతి ఇక్కడి పిల్లలకు విడిగా చెప్పాలి. ఇంటికి తిరిగి వచ్చిన గ్రోషిచ్ సైన్యపు జట్టులో ఇక ఉండలేదు. తతబాన్య అనే ఊరి జట్టులో చేరి 1962 దాకా ఆడాడు. తతబాన్య కూడా మన ఊరి వంటి బొగ్గుగనుల ఊరే. ఆ జట్టు పేరులో ఉన్న “బాన్యాస్” అనే మాటకు అర్థం గని కార్మికుడు. వెంబ్లీలో ఇంగ్లండును ఓడించిన గోల్‌కీపరు, గని కార్మికుల జట్టుకు గోలు కాశాడు. బయటి దేశంలో ఉండిపోయిన పుష్కాష్ 1958లో స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ జట్టులో చేరాడు. 1981లో గాని స్వదేశంలో అడుగు పెట్టలేకపోయాడు.

ఎదురెదురుగా

1956లో జరగని ఆట 1960లో జరిగింది. రోమ్ ఒలింపిక్స్‌లో ఆగస్టు 26న, ఇటలీలోని లాక్విలా అనే ఊళ్ళో, భారతదేశమూ హంగరీ తలపడ్డాయి. మన శిక్షకులు రహీమ్ గారే. హంగరీ రెండు గోళ్ళు చేసింది. అందులో ఒకటి చేసిన గొరొచ్, పోలీసుల జట్టు అని చెప్పుకొన్న ఉయ్‌పెష్ట్ దోజా ఆటగాడు. మనవాళ్ళు వెనక్కు తగ్గలేదు. ఇంకా పదకొండు నిమిషాల ఆట ఉందనగా మనకు ఒక గోలు వచ్చింది. చేసినది ఎవరు? పోలీసుల పాత బూట్లు కుట్టించుకొన్న ఆ బలరాం! ఆట 2–1తో ముగిసింది. మనం ఓడాం. కాని ఎనిమిదేళ్ళ కిందట 10–1తో ఓడిన దేశం ఇదేనా అని లోకం ఆశ్చర్యపడింది.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల చివరి ఆట. మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీమ్ గారిని కాన్సరు వ్యాధి పట్టుకొన్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు.

ఇప్పుడు జవాబు

సైన్యానికీ పోలీసులకూ జట్టు ఎందుకు? పేదవాడి ఇంట్లో పుట్టిన ఆటగాడికి కూడు, మైదానం, తీరిక మూడూ కావాలి. ఈ మూడూ ఇవ్వగల శక్తి యూనిఫారానికి ఉన్నది. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టులో ఆడి, ఆసియాలోనే మేటి గోల్‌కీపరు అనిపించుకొన్నాడు. రహీమ్ గారి కొడుకు హకీమ్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు అయ్యాడు. రోమ్‌కు వెళ్ళిన జట్టులో ఉన్నాడు. మన నిజామాబాదు అమ్మాయి, బాక్సింగ్‌లో ప్రపంచ విజేత నిఖత్ జరీన్‌కు 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. పిల్లవాడు మైదానంలో ఉంటే చదువు పాడవుతుందని బెంగపడే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా గమనించాలి.

కాని యూనిఫారం ఇవ్వలేనిది ఒకటి ఉన్నది. పుష్కాష్‌నూ బోజిక్‌నూ తయారు చేసింది సైన్యం కాదు, కిష్‌పెష్ట్ వీథి. బలరాంకు ఆట నేర్పింది లాఠీ కాదు, ఒక పంతులు. ఆటగాళ్ళను ఆజ్ఞతో ఒకచోట చేర్చవచ్చు, ఆజ్ఞతో నిలపటం మాత్రం సాధ్యం కాదని హొన్వేద్ కథ చెబుతుంది.

పిల్లలూ, ఈ సాయంత్రం మైదానానికి పోయినప్పుడు రహీమ్ గారి పోటీ ఒకటి పెట్టుకోండి. పది నిమిషాలపాటు అందరూ వాటం లేని కాలితోనే ఆడాలి. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందించాలి. మొదట్లో అందరూ తడబడతారు, నవ్వుకొంటారు. నెల రోజులు విడవకుండా ఆడి చూడండి. మీ జట్టు ఎంత మారిందో మీకే తెలుస్తుంది.