ఆకాశయానంలో పసివాడు

మానవుడు పక్షివలె గాలిలో ఎగరవలెనని యుగయుగాలుగా కన్న కల 1903వ సంవత్సరం డిసెంబరు 17వ తేదీన రైట్ సోదరుల కృషితో నిజమైనది. ఆనాటి తొలి ప్రయాణం కేవలం 12 సెకన్లు సాగింది. నేడు కొన్ని గంటలలో సముద్రాలు దాటుతున్నాము. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫ్ దేశాలలో పనులు విస్తరించాయి. హైదరాబాదు పాతబస్తీ నుండి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది అక్కడికి తరలివెళ్ళారు. ఒకప్పుడు సంపన్నుల విలాసమైన విమానం ఈనాడు సామాన్య కుటుంబాల అవసరంగా మారినది. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో తండ్రినో అన్ననో విమానాశ్రయంలో సాగనంపని వారు బహు కొద్దిమంది ఉంటారు.

అయితే ఈ ప్రయాణికులలో ఒక వర్గాన్ని గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. వారు ఒకటి రెండు సంవత్సరాల వయస్సుగల పసివారు. వారికి టిక్కెట్టు చదువరాదు, గమ్యం తెలియదు, కాళ్ళు ఒకచోట నిలువవు. అట్టి చిన్నారిని ఆరు గంటలు ఒక కుర్చీలో కూర్చుండబెట్టడం ఏ తల్లికైనా పరీక్షయే. ఆ పరీక్షను మేము స్వయంగా చూచినందువలన ఈ వ్యాసం వ్రాయ సాహసించుచున్నాము.

కొన్ని సంవత్సరాల క్రితం మా మేనకోడలు, జిద్దాలో ఉద్యోగం చేస్తున్న భర్త వద్దకు, ఇరువది నెలల కుమారునితో మొదటిసారి బయలుదేరినది. తోడుగా మేము వెళ్ళాము. ప్రయాణానికి ముందు బంధువులలో ఒక పెద్దావిడ, "పిల్లవాడికి కాస్త జలుబు మందు తాగించండి, దిగేదాకా లేవడు" అని సలహా ఇచ్చినది. మాకు కూడా అది మంచి ఉపాయంగానే తోచినది. మందుల దుకాణానికి వెళ్ళి విషయం చెప్పగా, అక్కడి ఫార్మసిస్టు సీసాను తిరిగి బీరువాలో పెట్టి, "నిద్ర కోసమైతే నేను ఇవ్వను" అన్నాడు. అప్పుడు మాకు కొంత కోపం వచ్చిన మాట వాస్తవం. తరువాత తెలుసుకొనగా అతడు చేసినది ఉపకారమని బోధపడినది. నిద్ర కలిగించే జలుబు మందులలో ఒకటైన ప్రోమెథజిన్ వలన రెండేళ్ళలోపు పిల్లలకు శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో తీవ్రమైన హెచ్చరిక జారీ చేసినది. కావున వైద్యుని ఆజ్ఞ లేనిదే బిడ్డను నిద్రపుచ్చుటకు ఏ మందునూ వాడరాదు. ఇది మొట్టమొదటి సూత్రం.

చెవిపోటు ఎందుకు వస్తుంది?

విమానంలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చుటకు ప్రధాన కారణం మొండితనం కాదు, భౌతికశాస్త్రం. విమానం సుమారు 35,000 అడుగుల ఎత్తున ఎగురుతుంది. అక్కడ వెలుపలి గాలి మనిషి బ్రతుకుటకు చాలదు. అందుచేత లోపల గాలిని ఒత్తిడితో నింపుతారు. అయినను ఆ ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు. 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తైన కొండమీద ఉండునంత మాత్రమే ఉంటుంది. 8,000 అడుగుల వద్ద వాయుపీడనం సముద్రమట్టపు పీడనంలో సుమారు నాలుగింట మూడు వంతులు. పీడనం తగ్గిన కొలది వాయువు వ్యాకోచిస్తుందన్న బాయిల్ సూత్రం మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు సుపరిచితమే.

మన కర్ణభేరి వెనుక గాలి నిండిన చిన్న గది వంటిది ఉన్నది. దానిని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని గొట్టాన్ని, పదహారవ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు యూస్టాషీ పేరిట యూస్టాషియన్ నాళం అంటారు. విమానం పైకి లేచునప్పుడు లోపలి గాలి ఈ గొట్టం గుండా సులభంగా వెలుపలికి పోతుంది. దిగునప్పుడు మాత్రం గాలి లోనికి రావలెను. గొట్టం తనంతట తాను తెరుచుకొనదు. మ్రింగినప్పుడో ఆవులించినప్పుడో తెరుచుకొంటుంది. పసిపిల్లలలో ఈ నాళం పొట్టిగా, ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పెద్దలమైన మనం ముక్కు మూసి గాలి ఊదుకొని ఉపశమనం పొందుతాము. ఆ విద్య పసివానికి తెలియదు. ఏడ్పొక్కటే తెలుసు.

కావున విమానం లేచునప్పుడును, ముఖ్యంగా దిగుటకు సుమారు అరగంట ముందునుండియు, బిడ్డచేత ఏదో ఒకటి మ్రింగించుచుండవలెను. తల్లిపాలు, సీసాలోని పాలు, గ్లాసుతో గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు, ఏదైనా సరే. పడమట బిడ్డకు జలుబు, చెవి నొప్పి ఉన్నచో ప్రయాణానికి ముందే వైద్యునికి చూపించవలెను. నిద్రలో మ్రింగుట తక్కువ కనుక దిగే సమయంలో బిడ్డను మెల్లగా లేపుట మేలు.

ఈ చివరి మాట మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నాలుగు గంటలు అల్లరిచేసిన పిల్లవాడు చివరికి నిద్రపోగా, మేనకోడలు అలసి కన్నులు మూసుకొన్నది. మేమును సంతోషించాము. పక్క వరుసలో కూర్చున్న ఒక నడివయస్సు మనిషి, సెలవు ముగించుకొని పనికి తిరిగి వెళ్ళుచున్న కరీంనగర్ ప్రాంతపు కార్మికుడు, వంగి ఆమెతో అన్నాడు: "చెల్లె, పోరన్ని లేపు. ఇమానం దిగుతాంది. గిప్పుడు నీళ్ళు తాపియ్యి, లేకుంటె చెవులు గుంజుతయి." ఆమె మావైపు చూచి, "మామూ, ఇప్పుడే కదా పడుకున్నాడు!" అన్నది. మేము కూడా లేపవద్దనియే అన్నాము. పది నిమిషాలలో పిల్లవాడు చెవి పట్టుకొని కెవ్వున లేచాడు. అప్పుడు నీళ్ళు ఇచ్చినా అందుకొనే స్థితిలో లేడు. అనుభవం ముందు మా డిగ్రీలు చిన్నబోయినవి.

ఆహారం, దుస్తులు

విమానంలోని గాలి మిక్కిలి పొడిగా ఉంటుంది. దానిలో తేమ సాధారణంగా 20 శాతం కన్న తక్కువ. అందుచేత పెదవులు ఎండుతాయి, దాహం వేస్తుంది. మాటిమాటికి నీళ్ళు, పాలు ఇచ్చుచుండవలెను. పై ఎత్తులో కడుపులోని వాయువు కూడా వ్యాకోచిస్తుంది. కనుక కడుపు ఉబ్బించే పదార్థాలు మానుట మంచిది. ఇడ్లీ, మెత్తని రొట్టె, అరటిపండు, మెత్తగా కలిపిన పెరుగన్నం వంటివి శ్రేష్ఠం. వేరుశనగ గింజలు, పేలాలు, గట్టి మిఠాయి బిళ్ళలు పసివారికి ఇవ్వనేరాదు. అవి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. అంతర్జాతీయ ప్రయాణాలలో చేతిసంచిలోని ద్రవపదార్థాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నప్పటికి, ప్రయాణానికి సరిపడు బిడ్డ పాలకు, ఆహారానికి మినహాయింపు ఉన్నది. తనిఖీ వద్ద వాటిని వేరుగా తీసి చూపిన చాలును.

దుస్తులు పొరలు పొరలుగా వేయవలెను. నేలమీద ఉక్క, పైకి వెళ్ళిన పిమ్మట చలి. ఒక పలుచని దుప్పటి, రెండు జతల బట్టలు, లెక్కకు మించి నాలుగు డైపర్లు చేతిసంచిలోనే ఉండవలెను. పిల్లవానికి రెండు జతలు తెచ్చి, మాకు మాత్రం ఒక చొక్కా అయినా తెచ్చుకొనలేదు. అతడు త్రాగిన పాలన్నీ మా చొక్కామీద కక్కినప్పుడు ఆ లోటు తెలిసివచ్చినది. మిగిలిన మూడు గంటలు ఆ వాసనతోనే కూర్చున్నాము. ఎత్తుకొనేవారికి కూడ ఒక జత అవసరమని పాఠకులు గమనింతురుగాక.

వినోదం

పసివాని మనస్సు ఒక వస్తువుమీద కొద్ది నిమిషాలకన్న నిలువదు. అందువలన బొమ్మలన్నీ ఒక్కసారి ముందు పోయరాదు. చిన్నచిన్న వస్తువులు ఐదారు, ఇంతకుముందు వాడు చూడనివి, ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి ఉంచవలెను. అరగంటకు ఒకటి చొప్పున ఇచ్చినచో, లోపలి బొమ్మకన్న పై కాగితం విప్పుటలోనే పది నిమిషాలు గడుస్తాయి. మూత ఉన్న ఖాళీ డబ్బా, అందులో వేసి తీయుటకు నాలుగు రంగుల గుడ్డముక్కలు ఉన్నా చాలును. శబ్దంచేసే బొమ్మలు, చిన్న భాగాలుగా ఊడిపోయే బొమ్మలు ఇంటివద్దనే విడువవలెను.

బొమ్మలకన్న మనిషి ముఖమే గొప్ప బొమ్మ. కంటికి కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉన్నదన్న జ్ఞానం మొదటి రెండేళ్ళలో క్రమంగా ఏర్పడుతుందని స్విట్జర్లాండుకు చెందిన మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే నిరూపించాడు. రుమాలు వెనుక ముఖం దాచి "బూ" అని కనబడితే బిడ్డ పకపక నవ్వుటలోని రహస్యం ఇదియే. గుప్పిళ్ళు ఒకదానిపై ఒకటి పెట్టి ఆడే గుడుగుడు గుంచం, మన ఉర్దూ ఇండ్లలో వేళ్ళు లెక్కించే అక్కడ్ బక్కడ్, ఇవి సంచిలో చోటు ఆక్రమించవు, పోవు, పగులవు. సీటు బెల్టు దీపం ఆరినప్పుడు నడవలో చేయి పట్టుకొని నాలుగడుగులు వేయించవలెను. సెల్‌ఫోనును చివరి ఆయుధంగా ఉంచుకొనుట మేలు. ఏడాది వయస్సు పిల్లలకు తెరలు తగవని, రెండేళ్ళు నిండినవారికైనా రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

భద్రత

రెండేళ్ళు నిండని బిడ్డను ఒడిలో ఉంచుకొని ప్రయాణింపవచ్చును. నిండినచో వేరు సీటు తప్పనిసరి. పోవునప్పుడు రెండేళ్ళు నిండక, వచ్చులోపల నిండిన యెడల తిరుగు ప్రయాణానికి సీటు కొనవలెను. ఎంత పసిబిడ్డకైనా ప్రత్యేక పాస్‌పోర్టు కావలెను. ఒడిలోని బిడ్డకు తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టు ఇచ్చినచో దానినే వాడవలెను. తల్లి బెల్టులోపల బిడ్డను కలిపి బిగించుట మిక్కిలి ప్రమాదకరం. విమానం కుదుపునకు లోనైనప్పుడు తల్లి బరువంతా బిడ్డమీద పడుతుంది. 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీ వద్ద కూలిన విమానంలో ఒడి ప్రయాణికులైన చిన్నారులు నలుగురు ఉండగా ఒకరు మరణించారు. శక్తి ఉన్నవారు చిన్నబిడ్డకు సైతం వేరు సీటు తీసుకొని, విమానసంస్థ అంగీకరించిన పిల్లల ఆసనంలో కూర్చుండబెట్టుట ఉత్తమం.

మరొక మాట. ఆక్సిజన్ ముసుగులు క్రిందికి దిగినచో తల్లి ముందు తాను ధరించి, తరువాత బిడ్డకు తొడగవలెనని చెబుతారు. మన తల్లులకు ఇది కఠినంగా తోచవచ్చును. కాని ఆ ఎత్తులో ఒత్తిడి పోయినచో మనిషికి స్పృహ ఉండేది అర నిమిషం నుండి ఒక నిమిషం మాత్రమే. తల్లి స్పృహ కోల్పోయిన పిమ్మట బిడ్డను కాపాడేవారెవరు?

సహప్రయాణికుల ధర్మం

మా పిల్లవాడు ఏడ్చినప్పుడు వెనుక వరుసలో ఒకరు గట్టిగా నిట్టూర్చారు. వేరొకరు పరిచారికను పిలిచి ఏదో చెప్పారు. మేనకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్తను చూడబోతున్నానన్న ఆనందమంతా ఆ క్షణంలో సిగ్గుగా మారినది. అప్పుడు ఆ కరీంనగర్ మనిషి లేచి, చేతులు చాచి పిల్లవాణ్ణి తీసుకొన్నాడు. తన ఉంగరం చూపించాడు, చొక్కా బొత్తాలు లెక్కపెట్టించాడు, బుజ్జగించి నాలుగు గుక్కల నీళ్ళు త్రాగించాడు. ఏడ్పు ఆగినది. పిల్లవాణ్ణి తిరిగి ఇచ్చునప్పుడు అతడన్న మాట మేము మరువలేదు: "నా బిడ్డ గిట్లనె ఉన్నప్పుడు ఇడిసిపెట్టి పోయిన సారూ. గిప్పుడు బడికి పోతాంది. ఎత్తుకుందామంటె నా దగ్గరికి రాదు."

మేము ఏమియు సమాధానం చెప్పలేకపోయాము. విమానాశ్రయంలో మేనకోడలి భర్త కొడుకును మొదటిసారి ఎత్తుకొనుట చూచినప్పుడు అతని మాటలే జ్ఞాపకం వచ్చినవి.

ప్రియమైన విద్యార్థులారా! మీలో అనేకులు రేపు విమానం ఎక్కెదరు. మీ ప్రక్క సీటులో ఒక పసివాడు ఏడ్చినచో ముఖం త్రిప్పుకొనకండి. వాడు మీ నిద్ర చెడగొట్టుటకు ఏడ్చుటలేదు. వాని చెవి నొచ్చుచున్నది. తల్లికి ఒక గ్లాసు నీళ్ళు అందించండి, బిడ్డకు ఒక నవ్వు చూపండి. ఇందుకు ఖర్చు లేదు. ప్రయాణమందు పెద్దలకు మర్యాద, పిల్లలకు ఆదరణ చూపుటయే విద్యకు సార్థకత అని విన్నవించుచు విరమించుచున్నాము.