సూది కంటే ముందు రక్తపు చుక్క

ఇంట్లో పిల్లాడికి మూడు రోజులు జ్వరం తగ్గకపోతే వెంటనే రక్తపరీక్ష చేయిస్తాం. కుక్క ముద్ద ముట్టకపోయినా, కొట్టంలో బర్రె మేత మానేసినా మాత్రం ‘ఓ సూది వేయించండి’ అని ఊరుకుంటాం. నిజానికి నోరులేని జీవాలకే రక్తపరీక్ష అవసరం ఎక్కువ. ఎక్కడ నొప్పిగా ఉందో అవి చెప్పలేవు. వాటి తరఫున చెప్పేది రక్తమే.

వర్ధన్నపేట లాంటి ఊళ్లో చాలా ఇళ్లకు వాకిట్లో ఓ కుక్క, వెనక కొట్టంలో ఓ బర్రెనో ఆవో ఉంటాయి. అలాంటి ఇల్లే మీదనుకుందాం. ఏడాదిన్నర వయసున్న మీ కుక్క రెండు రోజులుగా తినడం లేదు. ఒళ్లు వేడిగా ఉంది. చెవుల వెనక నాలుగైదు పిడుదులు (గోమార్లు) కనిపిస్తే తీసి పారేశారు. ‘ఎండదెబ్బ కావచ్చు’ అనుకున్నారు. మూడో రోజు ముక్కు నుంచి రక్తం కారింది. ‘గోడకు తగిలించుకున్నట్టుంది’ అని తుడిచేశారు.

పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. దెబ్బ తగలకుండా ముక్కు నుంచి రక్తం వచ్చిందంటే, రక్తం గడ్డకట్టే ఏర్పాటు ఎక్కడో దెబ్బతిన్నట్టు. అదేమిటో తేలాలంటే రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు.

మన రక్తం, వాటి రక్తం

కుక్కకైనా ఆవుకైనా రక్తంలో ఉండేవి మనకున్నవే. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, రోగాలతో పోరాడే తెల్లకణాలు, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు. ఇవన్నీ తేలుతుండే ద్రవం ప్లాస్మా. లెక్కలు మాత్రం జీవిని బట్టి మారిపోతాయి.

రక్తంలో ఎర్రకణాల వాటాను పీసీవీ అంటారు. సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి యంత్రంలో వేగంగా తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. గొట్టంలో అవి ఎంత శాతం ఉన్నాయో చూస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఇది 37 నుంచి 55 శాతం ఉంటుంది. ఆవులో 24 నుంచి 46. అంటే 28 శాతం ఆవుకు మామూలే, కుక్కకు మాత్రం రక్తహీనత. తెల్లకణాల తీరూ అంతే. కుక్కలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ, ఆవులో లింఫోసైట్లు ఎక్కువ. కుక్కకు ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉండాలి.

కాబట్టి ‘మనకు తెలిసిన ల్యాబే కదా’ అని కుక్క రక్తాన్ని మనుషుల డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇవ్వకండి. అక్కడి యంత్రాలు మనిషి కణాల సైజుకు సరిచేసి ఉంటాయి. మన ఎర్రకణం సుమారు ఏడున్నర మైక్రాన్లు ఉంటే మేకది నాలుగు మైక్రాన్లే. కోడి ఎర్రకణంలో కేంద్రకం కూడా ఉంటుంది. మనుషుల యంత్రం వీటిని తప్పుగా లెక్కించే అవకాశం ఉంది. పిల్లుల ప్లేట్‌లెట్లు సీసాలోనే గుంపులుగా అతుక్కుపోతాయి. యంత్రం ఆ గుంపులను విడివిడిగా లెక్కించలేక ‘తక్కువ’ అని చూపిస్తుంది. అందుకే పశువైద్యంలో యంత్రం చెప్పిన సంఖ్యను సూక్ష్మదర్శిని కింద కంటితో సరిచూసుకోవడం తప్పనిసరి.

రక్తం ఎక్కడ కనిపించింది?

రక్తనాళానికి చిల్లు పడితే శరీరం రెండు అంచెల్లో పూడుస్తుంది. మొదట ప్లేట్‌లెట్లు చేరి బిరడాలా మూసేస్తాయి. తర్వాత కాలేయం తయారుచేసే గడ్డకట్టే కారకాలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకుంటూ ఫైబ్రిన్ అనే దారాల వల అల్లుతాయి. ఆ వలే బిరడాను గట్టిపరుస్తుంది.

ఏ అంచె దెబ్బతిన్నదో చాలాసార్లు కంటికే కొంత తెలిసిపోతుంది. చిగుళ్ల మీద, పొట్ట కింద చర్మం మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం వస్తుంటే ప్లేట్‌లెట్లను అనుమానించాలి. చర్మం కింద పెద్ద పెద్ద రక్తపు వాపులు, ఛాతీలో రక్తం చేరి ఆయాసం, కీళ్ల వాపు ఉంటే గడ్డకట్టే కారకాల లోపం కావచ్చు.

రెండో రకానికి ఇళ్లలో ఎదురయ్యే పెద్ద కారణం ఎలుకల మందు. బ్రోమాడియోలోన్ లాంటి మందు కలిపిన ఎరను కుక్క తింటే ఆ రోజు ఏమీ తెలియదు. ఆడుతూనే ఉంటుంది. శరీరంలో ఉన్న కారకాలు అయిపోయాక, సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది. దీనికి విరుగుడు విటమిన్ కె. అది కొన్ని వారాల పాటు ఇవ్వాల్సి ఉంటుంది. ఎర తిన్నదన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. మందు ప్యాకెట్ పట్టుకుని అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

పిడుదు చిన్నది, జబ్బు పెద్దది

మనం మొదట చెప్పుకొన్న కుక్క విషయంలో డాక్టర్ ముందుగా అనుమానించేది ఎర్లికియోసిస్‌ను. గోధుమరంగు కుక్క పిడుదు కుట్టినప్పుడు ఎర్లికియా కేనిస్ అనే సూక్ష్మజీవి రక్తంలోకి వెళ్లి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం, ప్లేట్‌లెట్ల తగ్గుదల కనిపిస్తాయి. కొన్ని కుక్కలు ఈ దశ దాటి మామూలుగా కనిపిస్తాయి. రోగం మాత్రం నెలలు, ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. చివరకు ఎముక మూలుగ దెబ్బతింటే అన్ని రకాల కణాలూ పడిపోతాయి. అప్పుడు కాపాడటం చాలా కష్టం. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే నయమవుతుంది. అయితే సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. మూడో రోజుకే కుక్క తింటోంది కదా అని ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోవచ్చు.

పాడి పశువుల్లోనూ పిడుదులతోనే మూడు పెద్ద జబ్బులు వస్తాయి. సంకరజాతి ఆవుల్లో థైలీరియోసిస్ వస్తే విపరీతమైన జ్వరం, భుజం ముందు గ్రంథుల వాపు, పాలు పడిపోవడం చూస్తాం. బబేసియోసిస్‌లో ఎర్రకణాలు పగిలి మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. అనాప్లాస్మోసిస్‌లో కళ్లు, చిగుళ్లు పాలిపోతాయి, పచ్చబడతాయి. థైలీరియోసిస్‌కు టీకా ఉంది. ‘రక్షావ్యాక్ టీ’ పేరుతో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారుచేస్తోంది. మీ దూడకు ఎప్పుడు వేయించాలో డాక్టర్‌ను అడగండి.

పిడుదుకూ జబ్బుకూ ఉన్న ఈ సంబంధాన్ని కనుక్కున్నది ఆవుల్లోనే. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, పశువైద్యుడు కిల్‌బోర్న్ కలిసి 1893లో ‘టెక్సాస్ జ్వరం’ పిడుదు ద్వారానే వస్తుందని చూపించారు. అది బబేసియోసిసే. కీటకాల్లాంటి జీవులు రోగాన్ని మోసుకొస్తాయనడానికి దొరికిన తొలి ఆధారాల్లో ఇదొకటి. మరో నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు.

ఎర్ర మూత్రం ఒకటే, కారణాలు రెండు

మీ బర్రె ఈని రెండు వారాలైంది. పొద్దున మూత్రం ఎర్రగా పోసింది. ఇంట్లో ఎవరో ‘ఇది పిడుదు జ్వరమే’ అన్నారు. కావచ్చు, కాకపోవచ్చు. ఈనిన తర్వాత, నిండు చూలులో ఉన్నప్పుడు రక్తంలో భాస్వరం తగ్గినా బర్రెల్లో ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడూ మూత్రం కాఫీ రంగులోనే వస్తుంది. పిడుదు జ్వరమైతే క్రిమిని చంపే మందు కావాలి. భాస్వరం లోపమైతే భాస్వరమే ఎక్కించాలి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. పశువుకేమో గంటగంటకూ రక్తం తగ్గిపోతుంటుంది. గాజు పలక మీద రక్తపు పూత చూసి, రక్తంలో భాస్వరం ఎంతుందో పరీక్షిస్తే ఈ తికమక తీరుతుంది. పాల మీద నడిచే ఇంటికి ఆ ఒక్క పరీక్ష ఎంత విలువైనదో మీకే తెలుసు.

పూతలో ఏం చూస్తారు?

కుక్కకైతే ముంగాలి నరం నుంచి, ఆవుకూ బర్రెకూ మెడ నరం నుంచి రక్తం తీస్తారు. క్రిముల కోసమైతే చెవి కొనను గుచ్చి తీసిన చుక్క మేలు. బబేసియా లాంటివి అక్కడి సన్నటి నాళాల్లో ఎక్కువగా దొరుకుతాయి. ఆ చుక్కను గాజు పలక మీద పల్చగా లాగి, ఆరబెట్టి, రంగు వేసి వంద రెట్ల లెన్స్ కింద చూస్తారు. ఎర్రకణంలో చింతగింజల జంటలా కనిపిస్తే బబేసియా. తెల్లకణంలో మల్బరీ పండులా చిన్న గుత్తి ఉంటే ఎర్లికియా. ప్లేట్‌లెట్లనూ ఇక్కడే లెక్కిస్తారు. లెన్స్ కింద ఒక్కో చూపులో పది కనిపిస్తే దాదాపు లక్షన్నర ఉన్నట్టు.

ఒక పూతలో క్రిమి కనిపించకపోతే జబ్బు లేదని కాదు. ఎర్లికియా గుత్తులు అరుదుగానే దొరుకుతాయి. అప్పుడు యాంటీబాడీలను పట్టే ర్యాపిడ్ కిట్, పీసీఆర్ పరీక్షల సాయం తీసుకుంటారు.

ఈ పనిలో రక్తం తీసే, పూత లాగే టెక్నీషియన్ చేతివాటం చాలా ముఖ్యం. ఊదారంగు మూత సీసాలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. అందులో గీత వరకే నింపి, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. గట్టిగా కుదిపితే కణాలు పగిలిపోతాయి. గడ్డకట్టే సమయం చూడాలంటే నీలం మూత సీసా కావాలి. అందులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. కొంచెం తేడా వచ్చినా ఫలితం తప్పుతుంది. మీ ఊరి నుంచి వరంగల్ వెళ్లే దారిలోనే ఉన్న మామునూరు పశువైద్య కళాశాలలో విద్యార్థులు నేర్చుకునే చదువులో ఈ పనులన్నీ భాగమే.

సూదికి ముందే ఎందుకు?

మందు పడ్డాక క్రిములు రక్తంలోంచి మాయమవుతాయి, పూతలో కనిపించవు. స్టెరాయిడ్ సూది వేస్తే జ్వరం తగ్గి పశువు లేచి తింటుంది గానీ తెల్లకణాల లెక్క మారిపోతుంది. తర్వాత ఎంత మంచి ల్యాబ్‌కు వెళ్లినా అసలు జబ్బును పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే డాక్టర్‌ను మర్యాదగా ఒక్క మాట అడగండి. ‘సార్, సూదికి ముందు రక్తం తీస్తారా?’ ప్రాణం మీదికొచ్చినప్పుడు చికిత్స ఆగకూడదు. అప్పుడు కూడా ముందు రక్తం తీసిపెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

పాముకాటుకు 20 నిమిషాల పరీక్ష

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. పొలంలో పశువుకో కుక్కకో కాటు పడితే డాక్టర్లు చేసే సులువైన పరీక్ష ఒకటుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. ఇంకా నీళ్లలా జారుతుంటే విషం పనిచేస్తున్నట్టే. మనుషుల దవాఖానల్లోనూ ఇదే పరీక్ష చేస్తారు. దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి. మీరు చేయాల్సింది కట్లు, కోతలు, నాటు వైద్యాలు లేకుండా వీలైనంత త్వరగా దవాఖానకు చేర్చడమే.

ఆవు రక్తం ఇచ్చిన గుండె మందు

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా గుండె కవాటం మార్పిడి తర్వాత రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారా? ఆ మందు కథ ఓ పెయ్యతో మొదలైంది. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్‌కు చెందిన ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుఫానులో చనిపోయిన పెయ్యను, పాల క్యాన్‌లో గడ్డకట్టని దాని రక్తాన్ని తీసుకుని విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు చేరాడు. లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోంచి డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దాని వారసురాలే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషులకు మందైంది. ఇవాళ వార్ఫరిన్ వాడేవారు క్రమం తప్పకుండా ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకునేది, ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ తినకూడదనేది ఇందుకే. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు విరుగుడు.

ఇవి గుర్తుంచుకోండి

• వారానికోసారి కుక్క పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయినా, ఎర్ర చుక్కలున్నా ఆలస్యం చేయొద్దు.

• గొర్రెలు, మేకలుంటే కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. తెల్లబడితే రక్తం పీల్చే నులిపురుగులు ఉండొచ్చు.

• జ్వరం మాత్రలు మీ డబ్బాలోంచి ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కుక్కల్లో కడుపులో రక్తస్రావం తెస్తాయి.

• పిడుదును వేళ్లతో నలపకండి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నేరుగా లాగండి. పడక, గోడ పగుళ్లు కూడా శుభ్రం చేయండి.

• డాబర్‌మన్ లాంటి జాతుల్లో పుట్టుకతోనే గడ్డకట్టే లోపం ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందు పరీక్ష అడగండి.

• రిపోర్టులన్నీ ఓ ఫైల్‌లో పెట్టండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించిన ఒక పరీక్ష, జబ్బు చేసినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

• పశువును కదపలేని స్థితి ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం ఇంటికే వస్తుంది.

ఇప్పుడు మళ్లీ ముక్కు నుంచి రక్తం కారిన ఆ కుక్కను తలచుకోండి. మూడో రోజు తువ్వాలుతో తుడిచేసి ఊరుకోవచ్చు, లేదా ఆ సాయంత్రమే పశువుల దవాఖానకు తీసుకెళ్లవచ్చు. మొదటి దశలోనే జబ్బు దొరికితే నాలుగు వారాల మాత్రలతో అది మళ్లీ మీ వాకిట్లో తిరుగుతుంది.