స్టీరింగ్ మారిస్తే మారేదేమిటి?

పాలకొండ దాటి సీతంపేట వైపు మళ్లగానే దారి తీరు మారుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క పల్లం, ఎదుటి బండి కనబడీ కనబడని మలుపులు. సంతకు అనాసపళ్లు, జీడిపిక్కలు, కొండచీపుర్లు తెచ్చే జీపులు, ఆడలి వ్యూపాయింట్ చూడవచ్చే కార్లు, కొత్తూరు వైపు పోయే బస్సులు అన్నీ ఈ దారినే పంచుకుంటాయి. హైవే మీద చాలాసేపు దాదాపు కదలకుండా ఉండే స్టీరింగ్ ఇక్కడ తీరిక లేకుండా తిరుగుతుంది. కాబట్టి కొండదారి డ్రైవరుకు దాని మీద శ్రద్ధ ఎక్కువగా ఉండటం సహజమే. ఆ శ్రద్ధే కొందరిని యాక్సెసరీస్ షాపు దాకా తీసుకెళ్తుంది. కంపెనీ ఇచ్చిన లావుపాటి స్టీరింగ్ తీసేసి, చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్ బిగిస్తే బండి చెప్పినట్టు వింటుందని, చూడటానికీ బాగుంటుందని నమ్మకం. ఈ నమ్మకం చుట్టూ అల్లుకున్న అపోహలు చాలా ఉన్నా వాటి మూలం ఒకటే: స్టీరింగ్ అంటే చేత్తో పట్టుకునే చక్రం మాత్రమే అనుకోవడం. నిజానికి దానికి రెండు పనులు. బండిని తిప్పడం రోజూ చేసే పని. ఢీకొన్నప్పుడు డ్రైవరు తలనూ ఛాతీనీ కాపాడటం ఎప్పుడో ఒక్కసారి చేసే పని, అదీ సెకనులో ఇరవయ్యో వంతు వ్యవధిలో. మార్చేవాళ్లు మొదటి పనిని చూసి కొంటారు. పోగొట్టుకునేది రెండోదాన్ని.

అపోహ 1: చక్రమే కదా, ఏది బిగించినా బండి తిరుగుతుంది

వాస్తవం: బండి తిరుగుతుంది, నిజమే. కానీ ఇప్పటి కారు స్టీరింగ్ నడిమధ్యన హారన్ మూత కింద మడిచిపెట్టిన ఎయిర్‌బ్యాగ్, దాన్ని క్షణంలో నింపే గ్యాసు తయారయ్యే మందు, ఆ మందును రగిలించే చిన్న విద్యుత్ పరికరం ఉంటాయి. చక్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నా వాటికి కరెంటు తెగకుండా అందించడానికి వెనకాల గడియారం స్ప్రింగులా చుట్టిన పలుచని రిబ్బను తీగ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. స్టీరింగ్ విప్పి బిగించేటప్పుడు అది సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే, చక్రం ఒక వైపు పూర్తిగా తిప్పినప్పుడు రిబ్బను తెగిపోవచ్చు. అప్పుడు ఎయిర్‌బ్యాగ్‌తో పాటు హారన్ కూడా పోతుంది. చక్రం చివరిదాకా తిప్పాల్సి వచ్చేదీ, హారన్ తప్పకుండా మోగాల్సిందీ ఘాట్ మలుపులోనే. బయట దొరికే స్పోర్ట్స్ స్టీరింగ్‌లు చాలామటుకు బాస్ కిట్ అనే అడాప్టరు మీద కూర్చుంటాయి. వాటిలో ఎయిర్‌బ్యాగ్‌కు చోటే ఉండదు. అడాప్టరు పళ్లు స్టీరింగ్ రాడ్డు పళ్లతో అచ్చంగా కలవకపోయినా, నట్టు సరైన బిగువులో లేకపోయినా చక్రం చేతిలోనే తిరిగి, బండి తిరగని ప్రమాదం కూడా ఉంది.

స్టీరింగ్ ఇలా కావడానికి వెనక పెద్ద చరిత్ర ఉంది. ఒకప్పటి కార్లలో స్టీరింగ్ రాడ్డు ముందు భాగం నుంచి డ్రైవరు ఛాతీ దాకా ఒకే గట్టి కడ్డీ. బండి ముందు నుంచి ఢీకొంటే ఆ కడ్డీ వెనక్కి వచ్చి బల్లెంలా ఛాతీలో దిగేది. 1965లో రాల్ఫ్ నేడర్ అమెరికా కార్ల లోపాల మీద రాసిన పుస్తకంలో ఈ స్టీరింగ్ రాడ్డు ప్రమాదాన్ని కూడా ఎత్తిచూపాడు. 1967 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ దెబ్బ తగిలితే ముడుచుకుపోయే కాలమ్‌ను తెచ్చింది. ఆ వెంటనే అమెరికా ప్రభుత్వం దాన్ని నిబంధన చేసింది. తర్వాత ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన ప్రతి కారుకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంటే, మనుషుల్ని చంపిన ఒక కడ్డీని మనుషుల్ని కాపాడే పరికరంగా మార్చడానికి ఇంజినీర్లకు కొన్ని దశాబ్దాలు పట్టింది. దాన్ని మళ్లీ వట్టి చక్రంగా మార్చడానికి షాపులో ఒక్క పూట చాలు.

అపోహ 2: సీటు బెల్టు ఉంది, పైగా ఘాట్‌లో నెమ్మదిగానే వెళ్తాం

వాస్తవం: బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ వల్ల ప్రయోజనం తక్కువ, అపాయం ఎక్కువ. అందుకే బెల్టే ముఖ్యమన్న మాట సరైనదే. అయితే ఇప్పటి కార్లలో ఆ రెండింటినీ జతగా రూపొందిస్తారు. గట్టిగా ఢీకొన్నప్పుడు పక్కటెముకలు విరగకుండా బెల్టు కొంత వదులవుతుంది. అప్పుడు ముందుకు వచ్చే తలను ఎయిర్‌బ్యాగ్ అందుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ తీసేసిన కారులో ఆ తలకు ఎదురయ్యేది అల్యూమినియం చువ్వలు, నడుమ బోల్టులు. ముందు ఎయిర్‌బ్యాగుల వల్ల ఎదురుఢీ ప్రమాదాల్లో డ్రైవర్ల మరణాలు 29 శాతం తగ్గుతాయని అమెరికాలోని హైవే భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ చెబుతోంది. ఆ దేశంలో 1987 నుంచి 2017 దాకా వాటివల్ల యాభై వేలమందికి పైగా ప్రాణాలు నిలిచాయని అక్కడి ప్రభుత్వ అంచనా.

ఇక నెమ్మది సంగతి. ఎయిర్‌బ్యాగ్ నూరు కిలోమీటర్ల వేగానికి మాత్రమే పనికొచ్చేది కాదు. బెల్టు పెట్టుకున్న డ్రైవరుకు, గట్టి గోడను గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో గుద్దినంత దెబ్బకే అది తెరుచుకునేలా చేస్తారు. ఘాట్‌లో గోడ ఉండదు, ఎదురుగా బస్సు ఉంటుంది. ఒక టన్ను బరువున్న కారు, పది టన్నుల బస్సు గంటకు నలభై కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా ఢీకొని ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకుందాం. లెక్క కడితే బస్సు వేగంలో వచ్చే మార్పు ఏడు కిలోమీటర్లు మాత్రమే. కారు వేగంలో వచ్చే మార్పు డెబ్భై పైన, ఎందుకంటే కారు ఆగిపోవడంతో సరిపోదు, బస్సు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. స్పీడోమీటరులో కనబడేది నలభయ్యే అయినా కారులో ఉన్న మనిషి ఒంటికి తగిలేది డెబ్భై దెబ్బ. కొండదారిలో నెమ్మదిగా వెళ్లడం ప్రమాదాన్ని తప్పించుకునే మంచి మార్గమే. ప్రమాదం జరిగాక ఆ నెమ్మది ఒక్కటే సరిపోదు.

అపోహ 3: చక్రం చిన్నదైతే మలుపుల్లో బండి చురుగ్గా తిరుగుతుంది

వాస్తవం: స్టీరింగ్‌ను ఎన్ని డిగ్రీలు తిప్పితే ముందు టైర్లు ఎన్ని డిగ్రీలు తిరగాలో నిర్ణయించేది కింద ఉండే గేరు. చక్రం సైజు కాదు. చక్రం మారినా ఆ నిష్పత్తి మారదు. తగ్గేది చేయి కదిలే దూరం మాత్రమే. 380 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే చేయి దాదాపు 119 సెంటీమీటర్లు కదులుతుంది. 320 మిల్లీమీటర్ల చక్రానికి 100 సెంటీమీటర్లు చాలు. చురుగ్గా ఉందనిపించేది ఈ తేడా వల్లే. దానికి చెల్లించే మూల్యం బలం. అదే పనికి చేయి సుమారు 19 శాతం ఎక్కువ బలంతో లాగాలి. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో బస్సులకూ జీపులకూ అంత పెద్ద చక్రాలు పెట్టింది ఈ లెక్క తెలిసే.

పవర్ స్టీరింగ్ ఉంది కదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. దిగుడులో డీజిలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారవిడిచే అలవాటు కొందరికి ఉంది. ఇంజిన్ ఆగిన మరుక్షణం పవర్ సాయం పోతుంది, బ్రేకు బరువెక్కుతుంది. ఆ అలవాటే ప్రమాదకరం. చిన్న చక్రం దాన్ని ఇంకా ప్రమాదకరం చేస్తుంది. ఇంజిన్ దానంతటదే ఆగిపోయినా పరిస్థితి అదే. కొండ దిగే బండికి కావలసింది చురుకుదనం కంటే ముందు పట్టు. మరో సంగతి: స్టీరింగ్ వణుకుతోందని, బండి పక్కకు లాగుతోందని, ఆట ఎక్కువైందని చక్రం మార్చేవారూ ఉన్నారు. వణుకుకు సాధారణంగా వీల్ బ్యాలెన్సింగ్, లాగుడుకు అలైన్‌మెంటో టైర్లలో గాలో, ఆటకు అరిగిన బాల్ జాయింట్లో గేర్‌బాక్సో కారణం. చక్రం మారిస్తే రోగం లోపలే ఉండిపోతుంది.

అపోహ 4: రేసు కార్లలో ఉండేవి ఇవే, అవి మన కార్లకంటే భద్రమైనవి

వాస్తవం: మోమో వంటి పేరున్న కంపెనీల చక్రాల నాణ్యతను ఎవరూ కాదనరు. 1960ల నుంచి అవి రేసుల్లో నిలబడ్డాయి. కానీ రేసు కారులో స్టీరింగ్ ఒంటరిగా ఉండదు. డ్రైవరును సీటుకు కట్టిపడేసే ఐదారు పట్టీల బెల్టు, తలకు హెల్మెట్, మెడ ముందుకు విరగకుండా పట్టే హాన్స్ పరికరం, చుట్టూ ఇనుప పంజరం ఉంటాయి. అక్కడ తల స్టీరింగ్ దాకా రాకుండా ఆపే ఏర్పాటు వేరే ఉంది కాబట్టే ఎయిర్‌బ్యాగ్ అవసరం పడలేదు. ఆ ఏర్పాటంతా వదిలేసి చక్రం ఒక్కటీ తెచ్చుకుంటే, రేసు కారు రక్షణా రాదు, మామూలు కారు రక్షణా మిగలదు.

అపోహ 5: డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిపోయింది, అంతా సరిగానే ఉంది

వాస్తవం: ఎయిర్‌బ్యాగ్ తీగ విప్పగానే డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి ఎయిర్‌బ్యాగ్ చోట చిన్న రెసిస్టరు పెట్టి కంప్యూటరును నమ్మించే పని కొన్ని షాపుల్లో జరుగుతుంది. దీపం ఆరుతుంది, ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఉండదు. ఇందులో పెద్ద అన్యాయం ఆ బండిని తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి జరుగుతుంది. లేని రక్షణ ఉందనుకుని అతను ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుంటాడు. తుక్కు బండి నుంచి తీసిన ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ పెడితే సరిపోతుందన్న వాదన కూడా నిలబడదు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు చిమ్మింది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలవాల్సి వచ్చింది. వేడీ తేమా రెండూ పుష్కలంగా ఉన్న ఉత్తరాంధ్రలో, ఏ బండిదో ఎన్నేళ్లదో తెలియని ఎయిర్‌బ్యాగ్‌ను ముఖానికెదురుగా పెట్టుకోవడం తెలివైన పని కాదు.

అపోహ 6: స్టీరింగ్ వంటి చిన్న మార్పులను చట్టం పట్టించుకోదు

వాస్తవం: ఈ వాదనలో కొంత బలం ఉంది, దాన్ని దాచనవసరం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ‘మార్పు’ అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పు అంటోంది. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్‌సీలో స్టీరింగ్ సైజు రాయరు కదా అన్నది మార్చేవారి సమాధానం. కానీ కథ అక్కడితో ముగియదు. భద్రతా ప్రమాణాలకు విరుద్ధంగా ఉన్న బండిని నడపడం 190వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటోంది. ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైన కారులో దాన్ని పీకేయడాన్ని అలంకరణ అని సమర్థించుకోవడం కష్టం. స్టీరింగ్ ఆట 30 డిగ్రీలు మించకూడదని, జాయింట్ల బోల్టులు ఊడకుండా లాక్ చేసి ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 98వ నియమం ఎప్పటినుంచో ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడకపోవచ్చు. కానీ ప్రమాదం తర్వాత బీమా సర్వేయరు చూస్తాడు.

పాత జీపుల మాటేమిటి?

అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం ఇది. మన్యంలో ఇంకా నడుస్తున్న పాత కమాండర్లు, ట్రాక్స్‌లలో ఎయిర్‌బ్యాగ్ మొదటినుంచీ లేదు. వాటి చక్రం పగిలినా, జారిపోయేలా అరిగినా మార్చక తప్పదు. అక్కడ మార్చడం తప్పు కాదు, మార్చకపోవడమే తప్పు. కాకపోతే అదే సైజు, ఆ మోడల్‌కే సరిపోయే పళ్లు ఉన్న చక్రం తీసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో స్టీరింగ్ పాడైతే ఆ కంపెనీ భాగమే, ఆ పని తెలిసిన సర్వీస్ సెంటరులోనే వేయించాలి. ఖర్చు ఎక్కువే. పట్టు కోసమైతే జారని, సరిగ్గా అతుక్కునే కవరు చాలు, అది ఎయిర్‌బ్యాగ్ మూతకు అడ్డం రాకూడదు. సీటును సరిచేసుకుని ఛాతీకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం పాతిక సెంటీమీటర్ల దూరం ఉంచుకుంటే పైసా ఖర్చు లేకుండా భద్రత పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరుతోందో లేదో చూడాలి. అసలే వెలగకపోతే అనుమానించాలి. వెలిగి ఆరినా అదొక్కటే రుజువు కాదు కాబట్టి సర్వీస్ సెంటరులో స్కాన్ చేయించి, స్టీరింగ్ కంపెనీదో కాదో చూపించుకోవాలి.

సొంత బండి, సొంత ప్రాణం, నా ఇష్టం అనే మాట చివరగా మిగులుతుంది. మైదానంలో ఢీకొన్న బండి చాలాసార్లు అక్కడే ఆగుతుంది. ఘాట్‌లో ఢీకొన్న బండికి ఇంకా పల్లం మిగిలే ఉంటుంది. అది జారకుండా బ్రేకు మీద కాలు పెట్టాల్సిందీ, చక్రాన్ని కొండవైపు తిప్పాల్సిందీ డ్రైవరే, అదీ అతను స్పృహలో ఉంటేనే. అతని నుదుటికీ ఇనుముకీ మధ్య ఉండే ఆ గాలిసంచి వెనక సీట్లలో సంతకు బయలుదేరినవాళ్లందరిదీ.