ట్యూబు వెనక్కి తిప్పి చూడండి!

అల్లవరంలో ఏ కిరాణాకొట్టు ముందు నిలబడినా ఒక తోరణం కనిపిస్తుంది. మామిడాకులది కాదు... టూత్‌పేస్టులది! ఎర్ర ట్యూబు, ఆకుపచ్చ ట్యూబు, ఉప్పున్నది, లవంగం ఉన్నది, బొగ్గున్నది, ‘వారంలో తెల్లని పళ్ళు’ అన్నది, పిల్లల కోసం బొమ్మలున్నది. వాటి పక్కనే పాతకాలపు నల్ల పళ్ళపొడి పొట్లాలు. ఇన్నింటిలో ఏది కొనాలి?

చాలా ఇళ్ళలో ఆ నిర్ణయం టీవీలో ప్రకటనదో, కొట్టువాడిదో, ఉచితంగా ఇచ్చే బ్రష్షుదో! ఎవరూ అడగని సంగతి మాత్రం ఒకటుంది. ఆ పేస్టులో ఫ్లోరైడ్ ఉందా, ఉంటే ఎంత? మన పిల్లల పళ్ళు పుచ్చిపోతాయా నిలుస్తాయా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

కచ్చిక నుంచి జెల్ దాకా...

కోనసీమలో పెద్దవాళ్ళను కదిపితే పళ్ళు తోముకోవడం గురించే గంటసేపు చెబుతారు. వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు, పిడకలు కాల్చిన కచ్చిక, ఉప్పు, ఊకబూడిద... ఆపైన కొబ్బరి ఈనె చీల్చి నాలుక గీసుకోవడం. ‘ఏ పేస్టూ లేకుండానే మా తాతకు ఎనభయ్యేళ్ళకూ పళ్ళన్నీ ఉన్నాయి’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఆ తాత రోజంతా బిస్కట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు నములుతూ తాగుతూ గడపలేదు కదా!

వేపపుల్లతో ఓపిగ్గా తోమితే పాచి పోతుంది. అందులో తప్పులేదు. అయితే ఇటుకపొడి, కచ్చిక, బొగ్గుపొడి గరుకుగా ఉంటాయి. ఏళ్ళ తరబడి రుద్దితే పంటిపై ఉండే ఎనామెల్ పొర అరిగిపోతుంది. అది చర్మంలా మళ్ళీ పెరిగేది కాదు. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న బొగ్గు పేస్టుల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. అవి పళ్ళకు మేలు చేస్తాయనడానికి గట్టి రుజువుల్లేవు.

పన్ను ఎలా పుచ్చుతుంది?

కొబ్బరి లౌజు తిన్నా, పూతరేకు తిన్నా, చాక్లెట్ తిన్నా నోట్లో జరిగేది ఒకటే. పళ్ళకు పట్టిన పాచిలోని బ్యాక్టీరియా ఆ తీపిని తిని ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆమ్లం గాఢత ఒక స్థాయి దాటగానే పంటిలోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటకు వస్తాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి చేరుస్తుంది. ఇలా పోవడం, రావడం రోజంతా సాగుతూనే ఉంటుంది. గంటకోసారి తీపి తింటే పోయేదే తప్ప వచ్చేది ఉండదు. చివరికి పన్నుకు గుంట పడుతుంది.

ఫ్లోరైడ్ పని ఇక్కడే. తిరిగివచ్చే ఖనిజాలను అది త్వరగా పంటికి పట్టిస్తుంది. అలా పట్టిన పొర ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. ఉప్పు, లవంగం, పుదీనా ఇవేవీ ఆ పని చేయలేవు. లవంగం నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, పుదీనా నోటికి చల్లదనాన్నిస్తుంది, అంతే.

2002-03లో జరిగిన జాతీయ దంతారోగ్య సర్వేలో మనదేశంలో పన్నెండేళ్ళ పిల్లల్లో 53.8 శాతం మందికి పుచ్చుపళ్ళున్నట్టు తేలింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికన్నా ఎక్కువే!

నల్గొండ భయం

‘అమ్మో, ఫ్లోరైడా! నల్గొండలో కాళ్ళూ చేతులూ వంకర్లు పోయింది దానివల్లే కదా’ అని అనుమానం రావచ్చు. సహజమే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ళవల్ల ఎముకలు బిగుసుకుపోవడాన్ని 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం ప్రపంచానికి తెలియజేసింది. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు రెండు మూడు తరాలు ఆ నరకాన్ని అనుభవించాయి. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుందంటే సమస్య తీవ్రత అర్థం చేసుకోవచ్చు.

ఫ్లోరైడ్‌కి ఉన్న ఈ రెండు ముఖాలూ బయటపడింది ఒకే కథలో. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కి వెళ్ళిన ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడికి అక్కడివాళ్ళ పళ్ళమీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. కారణం తాగేనీటిలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. విచిత్రమేమిటంటే, ఆ మచ్చల పళ్ళు పుచ్చడం మాత్రం తక్కువ! ఎక్కువైతే చేటు, కొద్దిగా అయితే మేలు అని అర్థమయ్యాక, 1950ల్లో ఫ్లోరైడ్ కలిపిన పేస్టులు మార్కెట్లోకి వచ్చాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మనదేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదని నిబంధన. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు బరువు దాదాపు పావు గ్రాము. అందులో ఉండేది పావు మిల్లీగ్రాము ఫ్లోరైడ్. దాన్నీ మనం ఉమ్మేస్తాం. అదే లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 8 మిల్లీగ్రాములు! తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. నల్గొండను దెబ్బతీసింది నీళ్ళు, పేస్టు కాదు.

నీళ్ళను బట్టి పేస్టు

కోనసీమది గోదావరి కాలువల నీరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరి వచ్చి చెరువులు నింపే నీరు. నదినీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. ఆర్వో ప్లాంటు డబ్బానీళ్ళు తాగేవాళ్ళకైతే ఆ కాస్తా వడపోతలోనే పోతుంది. అంటే అల్లవరం, బెండమూర్లంక, ఓడలరేవు పిల్లలకు ఆ రక్షణ అందాల్సింది పేస్టు నుంచే. నల్గొండ భయంతో ఇక్కడ ‘ఫ్లోరైడ్ లేనిది’ అని రాసివున్న ట్యూబు కొంటే, లేని ముప్పును తప్పించుకోబోయి ఉన్న రక్షణను వదులుకున్నట్టే. బోరునీళ్ళు తాగుతుంటే మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళ సంగతి వేరు. అక్కడ ఆరేళ్ళలోపు పిల్లలకు ఏ పేస్టు, ఎంత అన్నది దంతవైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోవాలి. ఎనిమిదేళ్ళలోపు, పళ్ళు చిగుళ్ళలోపల తయారవుతున్నప్పుడే ఈ మచ్చలకు బీజం పడుతుంది. పెద్దయ్యాక కొత్తగా రావు.

ఎవరికి ఏది?

పసిపిల్లలకు: మొదటి పన్ను రాగానే తోమడం మొదలుపెట్టాలి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో బ్రష్షు నిండా అలలా వేసేది చూడ్డానికే బాగుంటుంది! పండ్ల రుచులున్న పేస్టును పిల్లలు మింగేస్తారు కాబట్టి, తోమేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనుండాలి. పిల్లల పేస్టుల్లో కొన్నింట్లో ఫ్లోరైడ్ తక్కువ, కొన్నింట్లో అసలు ఉండదు. కొనేముందు చూసుకోవాలి.

పళ్ళు జివ్వుమనేవారికి: పొటాషియం నైట్రేట్, స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్ వంటివి ఉన్న ‘సెన్సిటివ్’ పేస్టులు పనిచేస్తాయి. కాకపోతే ఫలితానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఒకే పన్ను జివ్వుమంటుంటే అది పుచ్చిందేమో చూపించుకోవాలి.

చిగుళ్ళలోంచి రక్తం కారేవారికి: పళ్ళకు పట్టి గట్టిపడిన గార ఏ పేస్టుకీ పోదు. డాక్టరు తీయాల్సిందే.

తెల్లని పళ్ళు కావాలనేవారికి: ఇలాంటి పేస్టులు టీ, కాఫీ, కిళ్ళీ మరకలను కొంత తగ్గిస్తాయి. పంటి సహజ రంగును మార్చలేవు. గరుకుదనం ఎక్కువైతే ఉన్న ఎనామెల్ కూడా అరుగుతుంది.

నోట్లో తరచూ పుండ్లు పడేవారికి: నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు వాడి చూడొచ్చు. నురగ ఎక్కువొస్తే ఎక్కువ శుభ్రమనుకోవడం భ్రమ.

మూలికల పేస్టులు ఇష్టపడేవారికి: నిరభ్యంతరంగా వాడండి, ఫ్లోరైడ్ కూడా ఉన్నదాన్ని ఎంచుకుని! జెల్లా, తెల్లపేస్టా అన్నది మాత్రం మీ ఇష్టం. తేడా ఏమీ లేదు.

రంగు చతురస్రం రహస్యం

ట్యూబు అడుగున ఆకుపచ్చ గుర్తుంటే సహజమైనదనీ, నల్లదైతే అంతా రసాయనాలేననీ ఫోన్లలో తిరుగుతుంటుంది. అదంతా కట్టుకథ. ఫ్యాక్టరీలో ట్యూబును ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ అతికించాలో యంత్రానికి చెప్పే గుర్తది. చూడాల్సింది దాని పైన చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని.

కొనేముందు... తోమేముందు...

* ఫ్లోరైడ్ ఉందా, ఎన్ని పీపీఎం అన్నది చదవండి. 1000కి దగ్గరగా ఉంటే మంచిది. గడువు తేదీ కూడా చూడండి.
* పొగాకు కలిపిన పళ్ళపొడులను, పేస్టులను మనదేశంలో 1992లోనే నిషేధించారు. ఎవరైనా అమ్మినా కొనొద్దు.
* రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోండి. ఒక పూట మాత్రమే కుదిరితే అది రాత్రి పడుకునే ముందు కావాలి.
* తోమాక ఉమ్మేయండి. గ్లాసుల కొద్దీ నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.
* నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగిన వెంటనే తోమొద్దు. అరగంట ఆగండి.
* పన్ను నొప్పెట్టేదాకా ఆగకుండా అమలాపురం వెళ్ళినప్పుడే ఓసారి దంతవైద్యుడికి చూపించుకోండి. పిప్పిపన్ను తొలిదశలో ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో పోతుంది. ఆలస్యమైతే రూట్‌కెనాలే, లేదంటే పీకడమే!

ఇంతకీ మంచి పేస్టంటే ఖరీదైనది కానక్కర్లేదు. పది, ఇరవై రూపాయల చిన్న ట్యూబులోనూ ఫ్లోరైడ్ సరిపడా ఉండొచ్చు, వందలు పోసి కొన్నదాంట్లో లేకపోనూ వచ్చు. ఈసారి కొట్టుకెళ్ళినప్పుడు ముందున్న నవ్వుల బొమ్మను చూసి మోసపోకుండా, ట్యూబును ఓసారి వెనక్కి తిప్పి చదవండి!