హైబ్రిడ్ వాహనం – బ్యాటరీ నాడీపరీక్ష

నాడి పట్టి రోగాన్ని నిర్ణయించడం మన ప్రాచీన వైద్యులు సాధన చేసిన విద్య. ఆ విద్యలో రోగి నాడి ఎంత ముఖ్యమో, దానిని చూచే వేళ్ళ స్పర్శజ్ఞానమూ అంతే ముఖ్యం. వేళ్ళు మొద్దుబారిన వైద్యుడు ఆరోగ్యవంతునికి జ్వరమున్నదని చెప్పవచ్చు. జ్వరపీడితునికి ఏమీ లేదనీ చెప్పవచ్చు. నేటి యంత్రాల విషయంలోనూ ఈ చిక్కు తప్పదు. హైబ్రిడ్ కారులో బ్యాటరీ వోల్టేజి మితిమీరినదని హెచ్చరిక దీపం వెలిగినపుడు, మితిమీరినది నిజంగా వోల్టేజియేనా, లేక దానిని కొలిచే సాధనం తప్పు చెబుతున్నదా అని తేల్చడం నిపుణుని ప్రథమ కర్తవ్యం.

హైబ్రిడ్ వాహనాన్ని పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు అనే రెండు శక్తులు నడిపిస్తాయి. జపాను దేశంలో 1997 డిసెంబరులో టయోటా సంస్థ విడుదల చేసిన ప్రియస్ కారుతో ఈ విధానం విస్తృత వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2022లో గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ వంటి కార్లు ఈ పద్ధతిలో విడుదలయ్యాయి. బ్రేకు వేసినపుడు ఈ వాహనాలలోని మోటారు జనరేటరుగా మారుతుంది. సాధారణ వాహనంలో వేడిగా మారి వృథా అయ్యే గతిశక్తిలో కొంత భాగం ఇక్కడ విద్యుత్తుగా మారి బ్యాటరీని చేరుతుంది.

ఈ బ్యాటరీ ఒకే పెద్ద ఘటం కాదు. అనేక చిన్న ఘటాలను శ్రేణిలో కూర్చిన మాల. 2003లో వచ్చిన రెండవ తరం ప్రియస్‌నే ఉదాహరణగా తీసుకొందాం. అందులో 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటాలు 168 ఉంటాయి. ఆరేసి ఘటాలు ఒక మాడ్యూలుగా, రెండేసి మాడ్యూళ్ళు ఒక ఖండంగా ఏర్పడతాయి. ఆ విధంగా మొత్తం 14 ఖండాలు. ఒక్కొక్క ఖండపు నామమాత్రపు వోల్టేజి 14.4, మాల మొత్తానికి 201.6 వోల్టులు. ప్రతి ఖండం వద్దనుండి సన్నని తీగలు బయలుదేరి పర్యవేక్షక కంప్యూటరును చేరుతాయి. ఈ తీగలే వైద్యుని వేళ్ళు.

పర్యవేక్షణ ఇంత సూక్ష్మంగా ఉండవలసిన అవసరమేమిటి? ఘటాలన్నీ ఒకే కర్మాగారంలో పుట్టినా, కాలక్రమంలో ఒకే తీరున వృద్ధాప్యం పొందవు. మొత్తం వోల్టేజి సక్రమంగా కనిపిస్తున్నా, ఒక ఘటం మాత్రం తన పరిమితిని దాటిపోవచ్చు. నికెల్ ఘటంలో అధికంగా ఛార్జి చేరితే లోపల ఆక్సిజన్ వాయువు పుడుతుంది. వేడి, పీడనం పెరుగుతాయి. లిథియం అయాన్ ఘటాలలో ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటిలో అనేక రకాలకు 4.2 వోల్టులే గరిష్ఠ పరిమితి. దానిని మించితే లోహరూపంలో లిథియం పేరుకొంటుంది; ఎలక్ట్రోలైటు విచ్ఛిన్నమవుతుంది; చివరకు అగ్నిప్రమాదమూ సంభవించవచ్చు.

తిరుమల కొండపై నుండి దిగువకు వచ్చే ఘాట్ రోడ్డుపై ఒక హైబ్రిడ్ కారు దిగుతున్నదనుకొందాం. దారి పొడవునా బ్రేకుల వలన బ్యాటరీకి విద్యుత్తు చేరుతూనే ఉంటుంది. బ్యాటరీ నిండే సమయానికి కంప్యూటరు ఆ ప్రవాహాన్ని తగ్గించాలి. అప్పుడు వాహనాన్ని నిలువరించే భారం ఇంజను మీద, మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొలత తప్పయితే ఈ నిర్ణయం కూడా తప్పుతుంది.

హెచ్చరిక వెలిగిన వాహనం మరమ్మతు కేంద్రానికి వచ్చినపుడు, నిపుణుడు ముందుగా కంప్యూటరులో నమోదైన దోష సంకేతాన్ని, దోషం కలిగిన క్షణంలోని వోల్టేజి, ప్రవాహం, ఉష్ణోగ్రతల వివరాలను వ్రాసుకోవాలి. తొందరపడి సంకేతాన్ని చెరిపివేస్తే ఆ సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. తరువాత 12 వోల్టుల చిన్న బ్యాటరీని పరీక్షించాలి. కంప్యూటరుకు ప్రాణాధారం అదే కాబట్టి, అది నీరసిస్తే లేని దోషాలు కూడా ఉన్నట్లు కనిపిస్తాయి.

ఆ పిమ్మట ముగ్గురు సాక్షులను విచారించాలి. ఖండాల వోల్టేజిలను కూడితే వచ్చే మొత్తం ఒక సాక్షి. మాల మొత్తాన్ని విడిగా కొలిచిన విలువ రెండవ సాక్షి. బ్యాటరీ మోటారు వలయానికి కలిసి ఉన్నపుడు ఇన్వర్టరు చూపే వోల్టేజి మూడవ సాక్షి. ముగ్గురి మాటా దాదాపు ఒకటి కావాలి. ఇద్దరు ఒక మాట చెప్పి ఒకరు వేరొక మాట చెబితే, ముందుగా ఆ ఒక్కరినే అనుమానించడం న్యాయం.

మరొక సందర్భం చూద్దాం. వాహనం నిలిచి ఉన్నపుడు ఖండాలన్నీ 16 వోల్టులు చూపుతుండగా, ఒకటి 18, దాని పొరుగున ఉన్నది 14 చూపుతున్నాయనుకొందాం. రెండింటి మొత్తం 32 వోల్టులే. ఏ మార్పూ లేదు. నిజంగా ఒక ఖండపు వోల్టేజి పెరిగితే పొరుగు ఖండం అంతే మేరకు తగ్గవలసిన కారణం లేదు. ఇరుగుపొరుగు ఖండాలు ఒకే కొలత తీగను పంచుకొంటాయి. ఆ తీగ తెగినా, దాని కొసన చిలుము పట్టినా, ఒక వైపు ఎక్కువగా, మరొక వైపు తక్కువగా విలువ కనిపిస్తుంది. ఇక్కడ దోషం తీగది, ఘటాలది కాదు.

కొన్నిసార్లు విశ్రాంతి స్థితిలో అన్నీ సమంగా ఉండి, ఛార్జి చేరుతున్నపుడు ఒక ఖండం వోల్టేజి పైకి, శక్తిని ఇస్తున్నపుడు కిందికి పోతుంది. ఇది నిరోధం పెరిగినదనడానికి గుర్తు. ఓమ్ సూత్రం ప్రకారం 0.05 ఓముల అదనపు నిరోధం గుండా 20 ఆంపియర్లు ప్రవహిస్తే ఒక వోల్టు తేడా వస్తుంది. ఆ నిరోధం ముసలిదైన ఘటం లోపల ఉండవచ్చు. మాడ్యూళ్ళను కలిపే రాగి పట్టీల మీది చిలుములోనూ ఉండవచ్చు. పట్టీలను శుభ్రపరచి, నిర్దేశించిన బిగువుతో బిగించి మరల పరీక్షిస్తే ఈ రెండింటిలో ఏది కారణమో తెలుస్తుంది.

ఇంకా సందేహం మిగిలితే, మాడ్యూళ్ళను విడదీయడానికి వీలున్న బ్యాటరీలలో, అనుమానించిన మాడ్యూలు స్థానం మార్చి చూస్తారు. దోషం మాడ్యూలుతో పాటు కదిలితే లోపం మాడ్యూలుది. పాత స్థానంలోనే నిలిచి ఉంటే లోపం తీగలది లేక కంప్యూటరుది.

ఈ పరీక్షలన్నీ శిక్షణ పొందినవారే చేయాలి. నారింజ రంగు తొడుగుగల తీగలలో ప్రాణాంతకమైన విద్యుత్తు ఉంటుంది. రబ్బరు రక్షణ తొడుగులు ధరించి, సర్వీసు ప్లగ్గు తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేవరకు తయారీదారు చెప్పినంతసేపు వేచి ఉండాలి. ప్లగ్గు తీసినా మాల భాగాలుగా విడిపోతుందే కాని, ఆ భాగాలలోని విద్యుత్తు మాయం కాదని మరువరాదు.

మసకచీకటిలో తాడును చూచి పామనుకొని భయపడడాన్ని రజ్జుసర్ప భ్రాంతి అని మన శాస్త్రకారులు అన్నారు. చిలుము పట్టిన ఒక తీగ వలన బ్యాటరీ మొత్తాన్ని పారవేయడం అటువంటి భ్రాంతియే. దాని వలన ఒక కుటుంబం పెద్ద మొత్తాన్ని వృథాగా పోగొట్టుకొంటుంది. అయితే పామును తాడనుకోవడం అంతకంటే ప్రమాదకరం. నిజమైన హెచ్చరికను తీగ దోషమని కొట్టివేస్తే ప్రాణాలకే ముప్పు. అందువలన తాడని రుజువయ్యేవరకు పామనే భావించి జాగ్రత్తగా మెలగాలి. దీపం తెచ్చి చూడకుండా ఏ తీర్పూ చెప్పరాదు.

తెలుగులో ప్రమాణమనే పదానికి కొలత అనే అర్థం ఉన్నది. యథార్థజ్ఞానానికి సాధనమనే అర్థమూ ఉన్నది. ఈ రెండు అర్థాలకూ గల బంధం హైబ్రిడ్ వాహనం ముందు నిలిచిన మెకానిక్కు పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక కొలతను మరొక కొలతతో సరిచూచి, అవి ఏకీభవించిన తరువాతనే అతడు పనిముట్టు చేతబట్టాలి.