కోరిన రంగులో కారు

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1914 మొదలు 1925 వరకు తన మోడల్ టి కారులను నల్లరంగులో మాత్రమే తయారుచేసెను. 1923లో డ్యూపాంట్ వారి డ్యూకో అను లాకరు పూత జనరల్ మోటార్స్ వారి ఓక్లండు కారులపై వాడుకకు వచ్చెను. అంతకుముందు రంగు పూతలు ఆరుటకు వారముల తరబడి పట్టుచుండెడిది. ఈ పూత కొన్ని గంటలలో ఆరెను. నాటినుండి కారుల రంగులు పెరుగుచు వచ్చినవి.

నేడు జర్మనీలోని పోర్షె కంపెనీవారి 911 స్పోర్ట్స్ కారు కొనువారు అదనపు సొమ్ము చెల్లించి, సాధారణ పట్టికలో లేని నూరింటికి పైగా రంగులలో ఒకదానిని కోరవచ్చును. అవియు నచ్చనివారు ఒక నమూనా వస్తువు నిచ్చి, అచ్చముగా ఆ రంగే కావలెనని అడుగవచ్చును. కాని కర్మాగారము వెంటనే సరే అనదు. సాధ్యాసాధ్యములు పరీక్షించుటకు నెలలు పట్టును. కొన్ని నమూనాలు సాధ్యము కావని చెప్పుటయు కలదు. ఒక రంగు కలుపుటకు ఇంత శ్రమ ఎందుకు?

పూత మీద పూత

కారుపై మనము చూచు రంగు ఒక్క పూత కాదు. లోహపు శరీరమును శుభ్రపరచి, రంగుతొట్టిలో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేయుదురు. శరీరము ఋణధ్రువముగా నుండుటచే ధనావేశము గల రంగు కణములు మూలమూలలకు చేరి అంటుకొనును. తుప్పు నుండి ముఖ్యముగా కాపాడునది ఈ పూతయే. దానిపై మధ్యపూత, దానిపై రంగునిచ్చు పూత, అన్నిటికి పైన పారదర్శకమైన పూత వేయుదురు.

రంగునిచ్చు పూత మందము సుమారు 15 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వెయ్యింట పదునైదు వంతులు. అన్ని పూతలు కలిసినను ఇంచుమించు ఒక తలవెండ్రుకంత మందమే. ప్రకాశవంతమైన కొన్ని ఎరుపు, పసుపు వర్ణద్రవ్యములు ఇంత పలుచని పొరలో అడుగు పూతను పూర్తిగా కప్పలేవు. అప్పుడు మధ్యపూత రంగును మార్చుటయో, రంగును రెండుమార్లు పూయుటయో అవసరమగును.

కంటికి ఒకటి, కాంతికి వేరు

చీరకు జోడుగా రవికగుడ్డ ఎన్నుకొను స్త్రీలు దానిని అంగడి వెలుపలికి తెచ్చి ఎండలో చూచుట అందరు ఎరిగినదే. దుకాణపు దీపముల క్రింద ఒకటిగా తోచిన రెండు రంగులు పగటి వెలుగులో వేరుగా కనిపించవచ్చును. మన కంటిలో రంగును గుర్తించు శంకు కణములు మూడు రకములు మాత్రమే. వస్తువునుండి ఎన్ని తరంగదైర్ఘ్యముల కాంతి వచ్చినను మెదడు ఈ మూడింటి స్పందనలను బట్టియే రంగును నిర్ణయించును. కావున వేరువేరు కాంతి మిశ్రమములు ఒకే రంగుగా తోచవచ్చును. దీనిని మెటామెరిజం అందురు.

నమూనా ఒక పట్టుగుడ్డ అనుకొందము. దానిలోని అద్దకము ఎండకు వెలిసిపోవునదైనచో కారుకు పనికిరాదు. రసాయనికుడు వేరు వర్ణద్రవ్యములతో అదే రంగును తేవలెను. అప్పుడు పై చిక్కు తప్పదు. అందుచే స్పెక్ట్రోఫోటోమీటరు అను పరికరముతో సుమారు 400 నుండి 700 నానోమీటరుల వరకు ఒక్కొక్క తరంగదైర్ఘ్యమున ఎంత కాంతి పరావర్తనము చెందుచున్నదో కొలుతురు. 1976లో ఏర్పడిన అంతర్జాతీయ పద్ధతి ప్రకారము ప్రతి రంగును మూడు సంఖ్యలలో తెలుపుదురు: తెలుపు–నలుపు, ఎరుపు–ఆకుపచ్చ, పసుపు–నీలము. రెండు రంగుల భేదమును ఈ సంఖ్యల మధ్య దూరముగా లెక్కకట్టుదురు.

రేకుల మెరుపు

మెరయు రంగులలో సన్నని అల్యూమినియము రేకులుండును. అవి పూతలో చదునుగా పరుండినచో ఎదుటనుండి చూచునప్పుడు కాంతివంతముగాను, ఏటవాలుగా చూచునప్పుడు ముదురుగాను తోచును. టైటానియము డయాక్సైడు పూసిన అభ్రకపు రేకులు సబ్బు బుడగవలె కాంతి వ్యతికరణముచే రంగులీనును. కావున ఇట్టి రంగులను పలు కోణములలో కొలువవలెను. పైగా రేకులు పరుండు తీరు రంగు చిమ్ము వేగము, దూరము, ఆరు కాలములపై ఆధారపడును. ప్రయోగశాలలో కుదిరిన రంగు కర్మాగారపు యంత్రముపై కుదరకపోవుటకు ఇది ఒక కారణము.

లోహము, ప్లాస్టిక్కు

అన్నిటికంటె కఠినమైన పరీక్ష బంపరు దగ్గర వచ్చును. లోహపు శరీరముపై పూతను సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గట్టిపరచుదురు. ఆ వేడికి ప్లాస్టిక్కు బంపరు వంకర పోవును. దానికి 80 డిగ్రీల ప్రాంతమే తగును. అందుచే రెండింటికి వాడు రంగుల కూర్పు వేరు. అయినను కారుపై అవి ప్రక్కప్రక్కనే యుండును. ప్రక్కప్రక్కన ఉన్న రంగుల భేదమును కన్ను ఇట్టే పట్టును.

ఇన్నియు కుదిరిన పిమ్మట ఎండకు, తేమకు, రాళ్ళ దెబ్బలకు పూత నిలుచునో లేదో నమూనా పలకలపై పరీక్షింపవలెను. సూత్రమును భద్రపరచుటయు ముఖ్యమే. కొన్నేండ్లకు ఆ కారు తలుపు ఒకటి దెబ్బతినినచో ఆ సూత్రము లేనిదే దానికి జోడైన రంగు కుదుర్చుట కష్టము. సాధ్యము కాదని ముందే చెప్పించుకొనుట కొనువానికి నిరాశయే. కాని రెండేండ్లకు బంపరు ఒక రంగు, తలుపు ఒక రంగు అగుటకంటె అది మేలు.

ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒకే నీలముగా తోచు గుడ్డ, కాగితము, ప్లాస్టిక్కు ముక్కలను కొన్ని చేర్చి, వానిని తంతిబల్బు క్రింద, ట్యూబులైటు క్రింద, ఆరుబయట వరుసగా చూడవలెను. ఏ జతలు విడిపోయినవో, ఏవి నిలిచినవో విద్యార్థులే పట్టికగా వ్రాయగలరు.