700 ఎంబీ సీడీలో.. పట్టేది 80 నిమిషాలే!

* ఫైలు సైజు చూసి లెక్కేస్తే ఆఖరి పాట గల్లంతు
* అవ్వల క్యాసెట్లను సీడీకి ఎక్కించేవారు తెలుసుకోవాల్సిన సంగతి

కోవిల్‌పట్టి: కంప్యూటర్లో చూస్తే పాటలన్నీ కలిపి 90 ఎంబీ కూడా లేవు. సీడీ మీదేమో 700 ఎంబీ అని అచ్చేసి ఉంది. అయినా బర్న్ నొక్కితే 'చోటు చాలదు' అంటుంది. సీడీ పాడైందా? కాదు. సాఫ్ట్‌వేర్ తప్పా? అదీ కాదు. మన లెక్కే తప్పు. పాటల సీడీని కొలవాల్సింది ఎంబీల్లో కాదు, నిమిషాల్లో!

గొంతులోనే బతికిన పాట

ఈ లెక్క తప్పితే ఎక్కువ నష్టపోయేది కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపున్న తెలుగు కుటుంబాల్లాంటి వారే. తమిళులు 'కరిసల్' అనే ఆ నల్లరేగడి నేలలో తరతరాలుగా ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట వచ్చినా మన అక్షరాలు రానివారే ఎక్కువ. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి.రాజనారాయణన్ కూడా తమిళంలోనే రాశారు. తెలుగువారి దక్షిణాది వలసను 'గోపల్ల గ్రామం' (1976) నవలగా మలిచారు. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు.

రాత లేనిచోట పాట గొంతులోనే ఉంటుంది. పెళ్లిలోనో, పండగపూటో అవ్వ పాడగా ఎవరైనా టేపులో పట్టి ఉంటే ఆ క్యాసెట్టే పుస్తకం. సీడీకి ఎక్కించేటప్పుడు చివరి పది నిమిషాలు తెగిపోయి, ఆ తర్వాత క్యాసెట్ పారేశారనుకోండి.. అవ్వా లేదు, పాటా లేదు. చిత్తూరు, నెల్లూరు పల్లెల్లోనైనా అంతే కదా!

బేలు విప్పితే..

కోవిల్‌పట్టి పత్తినే తీసుకోండి. బేలుగా బిగిస్తే మూలన పడి ఉంటుంది. విప్పితే గది నిండిపోతుంది. ఎంపీ3 పాట బిగించిన బేలు. మామూలు సీడీ ప్లేయర్‌లో మోగే ఆడియో సీడీగా రైట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ బేలును విప్పేస్తుంది. అందుకే 5 ఎంబీల పాట 50 ఎంబీలు అవుతుంది.

ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఎడమ, కుడి వైపులకు 16 బిట్ల చొప్పున రాస్తారు. అంటే సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషానికి సుమారు 10 ఎంబీ. అవ్వ గొంతొక్కటే ఉన్నా, మేళతాళాలన్నీ ఉన్నా, చివరికి నిశ్శబ్దమైనా సరే.. పట్టే చోటు అంతే.

మరి 80 నిమిషాలకు 800 ఎంబీ కావాలి కదా, 700 సీడీలో ఎలా పట్టింది? మెలిక ఇక్కడే ఉంది. సీడీ మీద ప్రతి సెకనుకు 75 గళ్లు. పాటలైతే ఒక్కో గడిలో 2,352 బైట్లూ శబ్దానికే. ఫైళ్లయితే 2,048 బైట్లే. మిగతాది గుర్తులకు, చదివేటప్పుడు వచ్చే తప్పులు దిద్దడానికి పోతుంది. పాటలో ఒక చుక్క పోతే చెవికి తెలియకపోవచ్చు. లెక్కల ఫైలులో ఒక్క అంకె పోయినా ముప్పే. అందుకే ఆ కాపలా. సీడీ మీద అచ్చేసిన 700 ఫైళ్ల లెక్క, 80 పాటల లెక్క. పాతరకం 650 ఎంబీ సీడీలో 74 నిమిషాలే పడతాయి.

ఏ క్యాసెట్‌కు ఎన్ని సీడీలు?

సీ-60 క్యాసెట్ రెండు పక్కలూ ఒక సీడీలో హాయిగా పడతాయి. సీ-90 పట్టదు. పక్కకు ఒకటి చొప్పున రెండు సీడీలు కావాల్సిందే. ఒకే సీడీలో కావాలంటే ఎంపీ3 ఫైళ్లుగానే డేటా సీడీ చేయాలి. 128 కేబీపీఎస్ పాటలైతే పన్నెండు గంటలకు పైగా పడతాయి. కాకపోతే ఎంపీ3 చదివే ప్లేయర్ ఉండాలి. పాత ప్లేయర్లు చాలావరకు చదవవు.

ఇవి గుర్తుంచుకోండి..

* పాటల నిడివి కూడాకే బర్న్ నొక్కండి. పాటకూ పాటకూ మధ్య 2 సెకన్లు ఖాళీ పెడితే 20 పాటలకు 40 సెకన్ల దాకా పోతుంది.

* 80 నిమిషాలు దాటించి రైట్ చేయొచ్చని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఊరిస్తాయి. ఆ అంచున ఉన్న పాటను అన్ని ప్లేయర్లూ చదువుతాయన్న నమ్మకం లేదు.

* డేటా సీడీని కొంచెం కొంచెంగా రాస్తే మొదటిసారి మూసినప్పుడు సుమారు 22 ఎంబీ, తర్వాత ప్రతిసారీ 13 ఎంబీ వృథా. ఆడియో సీడీకి తర్వాత కలిపిన పాటలు మామూలు ప్లేయర్‌కు కనిపించవు.

* రైట్ చేసిన సీడీ ఎండకు, వేడికి పాడవుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ డ్రైవే లేదు. కాబట్టి కుదించని వేవ్ ఫైలును హార్డ్ డిస్క్‌లో, ఇంకోచోట కూడా దాచండి.

* సీడీని మొదటి నుంచి చివరిదాకా వినండి. ఆఖరి పాట పూర్తిగా వినిపించిందా? అయినా సరే, క్యాసెట్ మాత్రం పారేయకండి.